గేటు బయటి కొలువులు

 

విదేశీ పెట్టుబడి వస్తే కొలువులు వాటంతట అవే వస్తాయని పట్టాలు అందుకున్న మీకు చాలామంది చెప్పి ఉంటారు. హైవే మీద మన నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి టోల్‌ప్లాజా చూసినప్పుడల్లా నాకా మాట మీద అనుమానం వస్తుంది. ఇలాంటి టోల్ రోడ్ల సంగతే చూడండి. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ సంస్థ ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని 9 హైవే భాగాలపై 30 ఏళ్లు టోల్ వసూలు చేసుకునే హక్కును 9,681 కోట్ల రూపాయలకు తీసుకుంది. అది పక్కా విదేశీ పెట్టుబడే. సర్కారు ఖజానాకు మేలే జరిగింది. కానీ రోడ్డు అంతకుముందే ఉంది, టోల్ బూతులూ ఉన్నాయి. ఇక కొత్త కొలువులెక్కడివి? పైగా ఫాస్టాగ్ వచ్చాక చిల్లర లెక్కపెట్టే పని కూడా తగ్గింది.

కొరియా కార్ల కంపెనీ కియా సంగతి వేరు. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 110 కోట్ల డాలర్లతో కొత్త ప్లాంటుకు ఒప్పందం చేసుకుంది. 2019లో కార్లు బయటికొచ్చాయి, విడిభాగాల కంపెనీలు వెంట వచ్చాయి. వాటిలో కొరియావే ఎక్కువ. మెక్వారీదీ, కియాదీ విదేశీ పెట్టుబడే, ఫలితమే వేరు. అందుకే నేను పెట్టుబడి ఏ దేశానిదని అడగను. ఇక్కడ ఏం కొంటుందని అడుగుతాను.

ఎందుకంటే మనం బోధన్ చూసినవాళ్లం. 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్స్ చక్కెర మిల్లును ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. చెరకు నరికాక ఆలస్యమైతే తీపి పడిపోతుంది. అందుకే మిల్లు చుట్టుపక్కల పొలాలను వదిలి పోలేదు. క్రషింగ్ మొదలైందంటే నరికే కూలీకి, బండి తోలేవాడికి, లారీ డ్రైవర్‌కి, కాంటా దగ్గర చాయ్ అమ్మే మనిషికి పనే పనిగా ఉండేది. వీళ్లెవరూ మిల్లు జీతాల పట్టీలో ఉండేవాళ్లు కాదు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. అది మన దేశపు పెట్టుబడే. 2015 డిసెంబర్‌లో మిల్లు మూతపడితే గేటు లోపలివాళ్ల కోసం ధర్నాలు జరిగాయి, బయటివాళ్ల లెక్క ఎవరూ రాయలేదు. అదే ఫోన్లు బిగించే ఓ ప్లాంటు విడిభాగాలన్నీ కంటైనర్‌లో తెప్పించుకుంటే, పక్క ఊరితో దానికి జీతాల సంబంధమే తప్ప మరొకటి ఉండదు.

ఈ జిల్లాకు పెట్టుబడి రాక, మనుషులే దాన్ని వెతుక్కుంటూ దుబాయి, మస్కట్ పోయారు. మీ ఇళ్లలో ఈ సంగతి నేను చెప్పాలా?

ఇప్పుడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ఉంది. ఆహారశుద్ధి రంగంలో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడికి దారి తెరిచే ఉంది. రేపు ఏ కంపెనీ అయినా వచ్చి పసుపులోంచి కుర్కుమిన్ తీసే ప్లాంటు పెడతానంటే, ఆర్మూరు రైతు కొమ్ములు కొంటుందా, పురుగుమందుల అవశేషాల పరీక్ష ఇక్కడి ల్యాబులో చేయిస్తుందా అని అడగండి. కెమిస్ట్రీ చదివినవాళ్లు ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆ ల్యాబు పెట్టాల్సింది కంపెనీయే అని ఎక్కడా రాసి లేదు.