గుర్రపువాతము: బండి కదలకముందే వేయవలసిన సూది
(గ్రామ నర్సుల యెదుట చేసిన ఉపన్యాసము)



నిండుగర్భిణి కన్నులు తేలవేసి, పండ్లు గిట్టకరచి, కాలుచేతులు కొట్టుకొనుచుండగా చూచినవారు గాలి సోకినదందురు. చేత తాళపుచెవుల గుత్తి పెట్టుదురు. అది గాలియు కాదు, దయ్యమును కాదు. గర్భమువలన కలిగిన రక్తపుపోటు రోగము మెదడున కెక్కినదని యెరుంగుడు. మన జనులు దీనినే గుర్రపువాతమందురు.

ఇరువది వారములు నిండినపిమ్మట పోటు 140/90కి చేరి, మూత్రమున ఆల్బుమిన్ కనబడినయెడల జాగరూకత వహింపవలెను. 160/110కి చేరెనా, గంటలోపల చికిత్స జరుగవలెను. విడువని తలనొప్పి, చూపు మసకబారుట, రొమ్ముక్రింద నొప్పి, ఇవి పలుమారు మూర్ఛకు ముందు వచ్చును. కాళ్లవాపు లేదని ధైర్యపడరాదు.

మూర్ఛ వచ్చినప్పుడు ఆమెను ఎడమప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. నోట చెంచా దూర్పకుడు, నీరు పోయకుడు. పిమ్మట మెగ్నీసియం సల్ఫేటు: నూటికి 50 పాళ్ల ద్రావణమును ఒక్కొక్క పిరుదున 5 గ్రాముల చొప్పున, మొత్తము 10 గ్రాములు, కండలోనికి లోతుగా ఎక్కింపవలెను. ఇది ఆసుపత్రి చేరినపిమ్మట చేయు పని కాదు. 108 బండి కదలకముందే చేయవలసినది. వైద్యుడు లేనిదే సూది వేయవచ్చునా యని కొందరు సందేహింతురు. ఈ మొదటి మోతాదు నిచ్చుటకు భారత ప్రభుత్వపు మార్గదర్శకములే ఎ.ఎన్.ఎం.లకు అనుమతి నొసంగినవి. ఇక సందేహమునకు తావెక్కడిది?

మందు గుణము పరీక్షింపబడినదే. 1995లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనలో డయజిపాము పొందినవారికంటె దీనిని పొందినవారికి మూర్ఛ తిరిగి వచ్చుట నూటికి 52 పాళ్లు తగ్గెను. 2002లో 33 దేశములందు పదివేలకు పైబడిన గర్భిణులపై జరిగిన పరీక్ష ఫలితములు వెలువడెను. మూర్ఛ రాకుండ ముందుగా ఇచ్చినను, దాని భయము సగమునకు పైగా తగ్గినట్లు తేలెను.

ఆసుపత్రిలో నాలుగు గంటలకొకమారు మరల 5 గ్రాములు ఇత్తురు. అంతకుముందు మోకాటి అదురు కలదా, ఊపిరి నిమిషమునకు 16కు తగ్గలేదు గదా, మూత్రము గంటకు 30 మిల్లీలీటర్లు వచ్చుచున్నదా యని చూడవలెను. ఊపిరి మందగించిన, మందు నాపి, కాల్షియం గ్లూకోనేటు 1 గ్రాము నరములోనికి మెల్లగా ఇయ్యవలెను. పోటు తగ్గించుటకు లాబెటలాల్, నిఫెడిపిన్ కలవు. ఒక్కపెట్టున దించినయెడల శిశువునకు రక్తము చాలదు. అసలు చికిత్స మాత్రము ప్రసవమే. మూర్ఛ వచ్చినదానికి నెలలు నిండలేదని వేచియుండరాదు. ప్రాణము కుదుటపడగానే కాన్పు చేయింపవలెను.

ప్రసవమైనంతనే అపాయము గడచినదని తలపకుడు. పోటు మూడవనాటినుండి ఆరవనాటిలోపల మరల పెరుగవచ్చును. బాలింత అప్పటికి పుట్టింటనుండును. ఆమె పోటు లెక్కలు చీటీమీద వ్రాసి, ఆ యూరి నర్సుకు చేరునట్లు పంపుడు.