ఎండ, చర్మం, కూలి వేళలు

(పటేల్‌గూడలో జరిగిన రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



గిట్టుబాటు ధర, పాసుపుస్తకం, కరెంటు గురించి మాట్లాడుకునే ఈ చోట చర్మం గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. క్రీములు రాసుకోవడం పట్నం ముచ్చట కదా అన్నారు. నేనూ ఒకప్పుడు అట్లనే అనుకున్న. అందుకే మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను.

మా ఆవిడకు నలభై దగ్గర పడుతుండగా రెండు బుగ్గల మీద మంగు వచ్చింది. కలుపు తీసేటప్పుడు కొంగు నెత్తి మీద ఉండేది, ముఖం మాత్రం ఎండలోనే. ఒక మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో మచ్చ పలచబడింది, ముఖం తెల్లబడింది. అది చూసి వాడలో ఇంకో నలుగురు అదే ట్యూబు తెచ్చుకున్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి చర్మం ఉల్లిపొరలా పలచనై ఎర్రబడింది. పొలంలో అడుగుపెడితే చాలు, మంట. రాయడం మానేస్తే ఇంకా మంట. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి పోతే, ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందని, రోజూ ముఖానికి పూసుకునేది కాదని చెప్పారు. ఇట్లాంటి 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని కేంద్రం 2018 మార్చిలోనే ఉత్తర్వు ఇచ్చింది. చీటీ అడగకుండా ఇస్తున్నారంటే చట్టం తప్పుతున్నట్టే. మీ ఇళ్లలో అట్లాంటి ట్యూబు ఉంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరుకు చూపించి మెల్లగా మానుకోండి.

ఇప్పుడు ఎండ సంగతి. ఎండలో మనకు తెలిసేది వేడి. చర్మాన్ని దెబ్బతీసేది ఎక్కువగా అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి కనపడవు, ఒంటికి వేడిగానూ తగలవు. ఈ రెంటి వేళలూ ఒకటి కావు. వేడి మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఎక్కువగా ఉంటుంది. ఈ కిరణాలు మాత్రం పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు, అంటే పన్నెండుంబావు ప్రాంతంలో బలంగా ఉంటాయి. పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా వాటి జోరే. గడియారం లేకపోయినా ఒక లెక్క ఉంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే కిరణాలు బలంగా ఉన్నట్టు. పొడుగ్గా ఉంటే కొంత నయం.

ఇంకో మాట. మన దగ్గర మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడే పడని రోజులు ఏడాదికి రెండు వస్తాయి. హైదరాబాద్ ప్రాంతంలో అవి మే 9, ఆగస్టు 3కు అటూఇటూ. మేలో మనం ఇంటిపట్టునే ఉండే ప్రయత్నం చేస్తాం. ఆగస్టులో? నాట్లు, కలుపు, పత్తికి ఎరువు. మబ్బు పట్టింది, చల్లగా ఉంది అని ముఖం కప్పుకోం. పలచటి మబ్బు గుండా ఈ కిరణాల్లో చాలా భాగం కిందికి వస్తుంది. ఎండాకాలం ఒంట్లో నీళ్లు తీస్తే వానాకాలం ఎండ చప్పుడు చేయకుండా చర్మం మీద పని చేస్తది. నాట్లేసేటప్పుడు నీళ్ల మీది నుంచి ఎండ ఎగిరి కొడుతుందని భయపడేవాళ్లున్నారు. నీళ్లయినా, మట్టయినా, గడ్డయినా వెనక్కి కొట్టేది పది శాతం లోపే. వెంచర్లలో పొడి ఇసుక కుప్పల దగ్గర పనిచేసేవాళ్లకు అది పదిహేను దాకా ఉంటుంది.

మనకు చర్మ క్యాన్సర్ వస్తుందా అని అడుగుతారు. తెల్లవాళ్లతో పోలిస్తే మనకు చాలా అరుదు. మన నలుపు దేవుడిచ్చిన గొడుగు లాంటిది, చర్మంలోని మెలనిన్ కొంత కాపాడుతుంది. భయపెట్టి క్రీములు అమ్మే ప్రకటనలు చూసి బెదరక్కర్లేదు. అయితే కింది పెదవికి ఆ రక్షణ తక్కువ. ఎండకు తోడు బీడీ, చుట్ట ఉంటే ఇంకా ముప్పు. పెదవి మీద గానీ ముఖం మీద గానీ పుండు మూడు వారాలైనా మానకపోతే ఊరుకోవద్దు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. బొల్లి మచ్చలున్నవాళ్లకు ఆ మచ్చ మీద కాపే లేదు, త్వరగా కాలుతుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి గోళీలు వాడేవాళ్లకు కూడా ఎండ ఇట్టే తగులుతుంది. కళ్ల సంగతీ మరవొద్దు. తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు మీదికి కండ పాకడం ఎండలో, దుమ్ములో పనిచేసేవాళ్లకే ఎక్కువ.

చర్మం మీద ఎండ చూపించేదంతా ఎండ జబ్బే కాకపోవచ్చు. మన తెలంగాణ చరిత్రలోనే దీనికి రుజువుంది. వెనకటి రోజుల్లో జొన్న గటక, జొన్న రొట్టె తప్ప ఇంకేమీ దొరకని పేద కూలీలకు ఎండ తగిలే చోటల్లా, చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు నల్లగా పొలుసులు కట్టేది. విరేచనాలు, మతి తప్పడం కూడా ఉండేవి. దాని పేరు పెల్లాగ్రా. హైదరాబాద్‌లో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న చోట డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా ఈ జబ్బు మీద పనిచేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కు దీనితో సంబంధం ఉందని 1960లో రాశారు. ఆ వాదన మీద తర్వాత శాస్త్రవేత్తల్లో చర్చ నడిచింది. చికిత్స మీద మాత్రం చర్చ లేదు, నియాసిన్ అనే బి విటమిన్. ఎండ ఆ జబ్బును బయటపెట్టింది, మూలం మాత్రం కంచంలో ఉంది.

ఇది విని జొన్న మానేయకండి. పప్పు, ఆకుకూర, పాలతో కలిపి తింటే జొన్న మంచి తిండి. పెల్లాగ్రా ఇవాళ కూడా కనపడుతుంది. రోజూ విపరీతంగా తాగి తిండి మానేసినవాళ్లలో, టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో కొందరికి వస్తుంది. మెడ చుట్టూ, చేతుల మీద నల్లగా మాడితే ఎండ దెబ్బ అని వదిలేయకుండా చూపించండి.

రెండోది వయ్యారిభామ, మన కాంగ్రెస్ గడ్డి. వెంచర్ పేరుతో రాళ్లు పాతి వదిలేసిన ప్లాట్ల నిండా ఇదే. 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గుర్తించారు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. దీని పుప్పొడి, ఎండిన పొడి గాలిలో వచ్చి చర్మానికి పడకపోతే ముఖం, మెడ దురదపెట్టి మందంగా, గరుకుగా అవుతుంది. ఎండలో ఎక్కువవుతుంది గనుక ఎండ వల్లే అనుకుంటాం. గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. ఎండ దద్దురు గడ్డం కింద, చెవి వెనక నీడ పడే చోట సాధారణంగా రాదు. వయ్యారిభామ దద్దురు కనురెప్పల మీద, చెవి వెనక, మోచేతి మడతల్లో కూడా వస్తుంది. దీనికి ఎన్ని డబ్బాల క్రీము రాసినా లాభం లేదు. పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకొని గడ్డి పీకాలి. ఖాళీ ప్లాట్ల యజమానులతో పీకించమని అధికారులను అడగడం సంఘం పని.

ఇక కాపాడుకోవడం ఎట్లా? నా మాటలో మొదటి మందు బట్ట. పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద మొగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు చూడండి, దాన్ని ఏ కంపెనీ క్రీమూ కొట్టలేదు. బట్టను వెలుతురుకు ఎత్తి చూడండి. అవతలి వెలుగు బాగా కనపడితే ఎండ కూడా దూరుతుంది. ఉతికి ఉతికి పలచనైన తెల్ల బనీను, అందులోనూ చెమటకు తడిసింది, పెద్దగా ఆపదు. ఒత్తుగా నేసిన బట్ట, కొంచెం ముదురు రంగు, వదులుగా ఉంటే మేలు. మన తాతలు నెత్తికి చుట్టిన రుమాలు చెవుల మీదికి, మెడ మీదికి దించుకునేటట్టు ఉండేది. ఇప్పటి పిల్లలు పెట్టుకునే టోపీ నుదురు ఒక్కటే కాస్తుంది, చెవులు, మెడ మాడుతాయి. తువ్వాల రెండు మడతలు వేసి కింద కట్టి, దాని మీద టోపీ పెట్టుకోండి. చుట్టూ మూడంగుళాల అంచున్న టోపీ దొరికితే ఇంకా మంచిది.

బట్ట కప్పలేని చోటికి క్రీము. దాని మీద ఎస్‌పీఎఫ్ అని అంకె ఉంటుంది. 15 ఉంటే కాల్చే కిరణాల్లో 93 శాతం, 30 ఉంటే 97, 50 ఉంటే 98 ఆపుతుంది. 30కి, 50కి తేడా అంతే, ధరలో తేడా చూసి మోసపోవద్దు. బ్రాడ్ స్పెక్ట్రమ్ అని గానీ, పీఏ పక్కన మూడు ప్లస్ గుర్తులు గానీ ఉన్నాయా చూడండి. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా పిండినంత ముఖానికి, మెడకు కావాలి. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, చెమట పట్టినా రాయాలి. ఆ లెక్కన దినానికి మూడు గ్రాములు వేసుకున్నా 50 గ్రాముల ట్యూబు పదహారు, పదిహేడు రోజులకు ఖతం. నలుగురు పొలంలోకి పోయే ఇంట్లో అందరికీ ఎక్కడ కొంటాం? అందుకే మంగు ఉన్నవాళ్లకు, బొల్లి ఉన్నవాళ్లకు, ఎండ పడని మందులు వాడేవాళ్లకు ముందు కొనండి. మంగుకు రంగు కలిపిన రకం, ఐరన్ ఆక్సైడ్ ఉన్నది, మేలు. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది, దాన్ని ఆ రంగు ఆపుతుంది. నిమ్మరసం పూసుకొని పొలానికి పోవద్దు, చర్మం కాలి ఇంకా నల్లబడుతుంది.

మందు కొట్టే రోజు మాత్రం క్రీము వద్దు. 2,4-డి లాంటి కలుపు మందు కొన్ని రకాల సన్‌స్క్రీన్ రాసిన చర్మం గుండా ఎక్కువగా లోపలికి పోయినట్టు ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. ఆ రోజు బట్టే కాపు, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. బట్ట మన చేతిలో ఉంది, క్రీము డబ్బు మీద ఉంది. పని వేళ, నీడ ఎవరి చేతిలో ఉన్నాయి? 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచేసే చోట తాగునీళ్లు, పిల్లలకు నీడ, విశ్రాంతి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసుకున్నారు. 2024లో మన పంచాయతీ అమీన్‌పూర్ మున్సిపాలిటీలో కలిసింది. ఆ పనీ పోయింది, దానితో వచ్చిన ఆ హక్కూ పోయింది. వడదెబ్బతో చనిపోతే కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. పోయాక నాలుగు లక్షలు సరే, ఉన్నప్పుడు ఒక టార్పాలిన్ నీడ ఎవరిస్తారు?

కూలీలను పిలిచేది మనమే. అక్కడ తప్పు మనదీ ఉంది. నేనే ఎన్నోసార్లు పదింటికి వచ్చి అయిదింటికి పోయేటట్టు మాట్లాడుకున్న. నీడ పొట్టిగా ఉండే వేళంతా వాళ్లు వంగే ఉండేది. పొద్దున్నే రమ్మంటే పోలేదా అనుకుంటాం గానీ, వాళ్లకు వంట, పిల్లల బడి, ఆటో దొరకడం ఉంటాయి. పోయినేడు కలుపును గుత్తకిచ్చి వేళ వాళ్లకే వదిలేశా. వాళ్లే మాట్లాడుకొని ఆరింటికి వచ్చి పదకొండున్నరకు ముగించి పోయారు. పని తగ్గలేదు. గుత్త కుదరని చోట పన్నెండు నుంచి మూడు దాకా ఆపి, ఆ మూడు గంటలకు కూలి కోయకుండా ఉంటే సరి. ఇది సన్నకారు రైతుకు భారమని ఒప్పుకుంటా. అందుకే ఒక్కొక్కరం కాకుండా సంఘంగా ఒకే వేళ పెట్టుకుంటే ఒకరి మడిలోంచి ఇంకొకరి మడిలోకి కూలీలు పోతారన్న భయం ఉండదు.

గట్ల మీద వేప, చింత, కానుగ చెట్లు వెంచర్లకు పోయాయి. మిగిలినవాటిని గుర్తుపెట్టుకుందాం. చెట్టు లేని చోట నాలుగు వాసాలు, ఒక టార్పాలిన్, ఒక నీళ్ల కుండ. సంఘం తరఫున మూడు టార్పాలిన్‌లు కొని, నాట్ల కాలంలో అడిగినవాళ్లకు వంతులవారీగా ఇద్దామని నా ప్రతిపాదన. ఖర్చు లెక్క కోశాధికారి దగ్గర ఉంది. సభ ముగిసేలోపు పేర్లు రాయించండి. పేర్లు రాయించేటప్పుడు ఎవరి గట్టు మీద చెట్టు మిగిలి ఉందో కూడా చెప్పండి.