ఆఖరి విస్తరి ఏ హోటల్లో?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సమావేశంలో డి.ఏ. బకాయిల మీదో, హెల్త్ కార్డుల మీదో మాట్లాడటం నా వంతుకు వచ్చేది. ఈసారి కార్యదర్శి గారు "ఆ గొడవ పొద్దుటే తేల్చేస్తాం, మీరు భోజనాల ముందు ఓ పావుగంట సరదాగా మాట్లాడండి" అని, విషయం కూడా వారే ఇచ్చారు. 'ఇదే ఆఖరి భోజనం అంటే ఏ హోటల్లో, ఏం తింటారు?' అన్నది ప్రశ్న. డెబ్బై దాటినవాళ్ళ సభలో ఈ ప్రశ్న వేయటానికి గుండె ధైర్యం కావాలి. అదీ భోజనాల ముందు!

ఈ ముచ్చట మన దేశానిది కాదు. అమెరికాలో మరణశిక్ష పడ్డవాణ్ణి "ఏం తింటావు?" అని అడగటం చాలాకాలంగా ఉన్న వాడుక. 1963లో అయొవా రాష్ట్రంలో ఒకతను గింజ తీయని ఆలివ్ కాయ ఒక్కటి చాలన్నాడట. 2011లో టెక్సాస్‌లో మరొకడు బల్ల నిండా మాంసాలూ, బర్గర్లూ, ఐస్‌క్రీమూ తెప్పించుకుని ఏదీ ముట్టలేదు. దాంతో అక్కడివారు ఆ సదుపాయమే రద్దు చేశారు. ఒకడు చేసిన పనికి సర్క్యులర్ జారీ చేసి అందరికీ వర్తింపజేయటం మనకు కొత్త కాదనుకోండి. మన వైపు అడిగే పద్ధతి లేదు. గొంతులో తులసి తీర్థం పోస్తారు, అదీ మనల్ని అడిగి పొయ్యరు.

సభకు ముందు నలుగురు మిత్రులను వాకబు చేశాను. ఒకరు విజయవాడ బాబాయ్ హోటల్ ఇడ్లీ, పైన వెన్న అన్నారు. రుచికి తిరుగులేదు గాని అది టిఫిను, ప్రశ్న భోజనం గురించి. హైదరాబాదులో పాతికేళ్ళు సెక్రటేరియట్‌లో చేసిన ఒకాయన సికింద్రాబాదు ప్యారడైజ్ బిర్యానీ అన్నారు. ఆయనకు గుండెకు స్టెంటు వేసి ఆరు నెలలైంది. ఆ బిర్యానీ తింటే అది నిజంగానే ఆఖరిది అవుతుందని వాళ్ళావిడ అడ్డొచ్చింది.

నా ఎంపికకు నోట్ ఫైలు అక్కరలేదు. కాకినాడ సుబ్బయ్య హోటల్లో అరిటాకు భోజనం.

నేను రామచంద్రపురం తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరినవాణ్ణి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చేవరకు జమాబందీ లెక్కలు పట్టుకుని కాకినాడ కలెక్టరేటుకు తిరగటం నా పని. ముప్ఫై కిలోమీటర్ల బస్సు. కలెక్టరేటులో పని ఎప్పుడు తెమిలినా అడుగులు ఆ హోటలు వైపే పడేవి. మాకొచ్చే దినబత్తెం ఎంతో మీకు తెలుసు. అది బిల్లయి చేతికొచ్చేసరికి తిన్న భోజనం పేరు కూడా మరిచిపోయేవాళ్ళం.

ఆ ఆకులో ఏమేమి పడతాయో చెబితే మీరు నా మాటలు వినటం మానేసి వంటశాల వైపు చూస్తారు. అయినా చెబుతాను. వేడి అన్నం మీద కందిపొడి, దాని మీద నెయ్యి. తరువాత పప్పు. ఒక ముద్ద కూర, ఒక వేపుడు, ఒక రోటి పచ్చడి, పులిహోర, తీపి. సాంబారు అయ్యాక చారు, చారు అయ్యాక పెరుగు. ఇవన్నీ మరెక్కడా దొరకవా అంటే దొరుకుతాయి. ఆ బుట్ట భోజనం కట్టించుకుని పోయి ఇంట్లోనూ తినవచ్చు. మా అబ్బాయి "అదే పేరుతో హైదరాబాదులోనూ ఉంది నాన్నగారూ, కాకినాడ దాకా ఎందుకు?" అన్నాడు. నిజమే. కాని నేను కోరేది ఆ వడ్డన. ఆకు ఖాళీ అయ్యేలోగా మనిషి వచ్చి నిలబడతాడు. వద్దంటే వినడు.

1978 పే రివిజన్ బకాయిలు చేతికొచ్చిన ఏడు మా ఆవిణ్ణి చీర కొనటానికి కాకినాడ తీసుకువెళ్ళాను. అప్పట్లో హోటల్లో కూర్చుని తినటమంటే ఇళ్ళల్లో ఆడవాళ్ళకు మొహమాటం. కొన్ని హోటళ్ళలో వాళ్ళ కోసం తెర కట్టిన ఫ్యామిలీ రూములుండేవి. ఆవిడ గోడవారగా చివరి కుర్చీలో కూర్చుంది. వడ్డించే కుర్రాడు "ఆయ్, ఇంకొంచెం పప్పు వేయించుకోండి అమ్మగారూ" అన్నాడు. ఆవిడ అటూ ఇటూ చూసింది, ఇంకెవర్నో అంటున్నాడేమోనని.

మన ఇళ్ళ తీరు మీకు చెప్పాలా? మగవాళ్ళు, పిల్లలు, వచ్చిన చుట్టం, ఆఖరుకు ఆవిడ. అప్పటికి అన్నం చల్లారిపోతుంది. కూర గిన్నె అడుగున మాడిన ముక్కలుంటాయి. పులుసు మిగిలితే ఆవిడది, మిగలకపోతే మజ్జిగ. అందరి ఇళ్ళల్లోనూ అంతే కనుక ఎవరూ దాన్ని గురించి మాట్లాడేవారు కాదు. ఆ వేళ కాకినాడలో తన ముందు ఆకులో వేడన్నం మీద నెయ్యి కరుగుతుంటే ఆవిడ కాసేపు ముద్ద కలపకుండా చూస్తూ ఉండిపోయింది. తరువాత మాత్రం "పప్పులో ఇంగువ ఎక్కువైంది" అంది. చారు రెండుసార్లు పోయించుకుంది.

మన గోదావరి జిల్లాలకు అన్నం పెట్టటంలో పెద్ద పేరు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళకాని వేళ వచ్చినవారికి కూడా వండి వడ్డించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. ఆ వార్త చదివి వినిపిస్తే మా ఆవిడ "మరి ఆవిడకు ఎవరు వడ్డించేవారండీ?" అని అడిగింది. నా సర్వీసులో ఆడిట్ వారి అభ్యంతరాలు ఎన్నో చూశాను. ఇంత క్లుప్తమైనది చూడలేదు.

అందుచేత నా ఆఖరి భోజనం హోటల్లోనే. ఇంట్లో అయితే ఆ పూట కూడా ఆవిడే వండాలి, ఆవిడే వడ్డించాలి. హోటల్లో అయితే పక్క కుర్చీలో కూర్చుంటుంది.

ఇది విని మా అబ్బాయి "భోంచేసి మీరు నిజంగా పోతే హోటలు పేరు చెడుతుంది" అని వేళాకోళం చేశాడు. బుద్ధ భగవానుడు చివరిసారి చుందుడనే కమ్మరి ఇంట భోంచేసి జబ్బుపడ్డాడు. చుందుణ్ణి ఎవరూ నిందించవద్దని, అతణ్ణి ఓదార్చమని ఆనందుడితో చెప్పాడట. నేనూ ఒక కాగితం రాసి కౌంటరులో ఇస్తానులే అన్నాను.

ఇక కొంచెం కష్టమైన మాట. మన సంఘ సభ్యుడు ఒకరు పోయిన ఏడు వెళ్ళిపోయారు. చివరి వారం పిల్లలు ఊళ్ళనుంచి వచ్చి ఆయనకు ఇష్టమైనవన్నీ తెప్పించారు. పెసరట్టు, పూతరేకులు, ఆవకాయ అన్నం. ఆయన చెంచాడు కూడా మింగలేదు. కోడలు ఏడుస్తూ బతిమాలుతుంటే డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు: ఆ దశలో శరీరానికి ఆకలి దానంతటదే తగ్గిపోతుందని, బలవంతంగా పెడితే పొలమారుతుందని, పెదవులు తడిపి దగ్గర కూర్చోమని. తినకపోవటం వల్ల పోతున్నారని ఇంట్లోవాళ్ళు బాధపడతారు గాని, పోతున్నారు గనుక తినటం లేదట. కాబట్టి కార్యదర్శి గారి ప్రశ్నకు జవాబు మంచం మీద ఉన్నప్పుడు అమలయ్యేది కాదు. నాలుకకు రుచి తెలిసే రోజునే అమలు చేయాలి.

నాకు బి.పి. ఉంది, ఆవిడకు షుగరు. మా డాక్టరు గారిని అడిగాను. తీపి ఒక్కటి మాత్రం చాలని ఆవిడకూ, అప్పడం, ఊరగాయ మానమని నాకూ చెప్పి, నెలకో పూటకు ఫరవాలేదన్నారు. మా బేరం కుదిరింది: ఆవిడ తీపిలో సగం నాకు, నా అప్పడం ఆవిడకు.

వచ్చే నెల పెన్షను పడిన మొదటి ఆదివారం కాకినాడ వెళుతున్నాం. వచ్చేవారు పేర్లు కోశాధికారి గారికి ఇవ్వండి, వ్యాను మాట్లాడతారు. భార్యలు ఉన్నవారు వారిని వెంటబెట్టుకుని రావాలి. ఎవరి బిల్లు వారిదే. పదకొండున్నరకల్లా అక్కడుండాలి, ఆలస్యమైతే కుర్చీ వెనక నిలబడి ఎవరు ఎప్పుడు లేస్తారా అని చూడాల్సి వస్తుంది.

వంటవారు ఇటే చూస్తున్నారు. సెలవు.