చక్కెరకు కొన్న పాలరాయి



మొరాకో దేశమున మరాకేషు నగరమందు అల్ బదీ యను ప్రాసాదము కలదు. సాటిలేనిదని ఆ పేరునకు అర్థము. 1578లో పోర్చుగీసు రాజు సెబాస్టియన్ దండెత్తి వచ్చి యుద్ధమున హతుడయ్యెను. ఆనాడే మొరాకో సుల్తానును మరణింపగా, తమ్ముడు అహ్మద్ అల్ మన్సూర్ సింహాసన మెక్కెను. బందీల విడుదలకు వచ్చిన ధనము ఈ నిర్మాణమునకు అక్కరకు వచ్చెను.

నడుమ 135 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు గల ముంగిలి. అందొక పెద్ద కొలను. దాని కిరుప్రక్కల నేలమట్టమునకు దిగువగా నాలుగు తోటలు. పాలరాతిని ఇటలీనుండి తెప్పించిరి. రాతి తూకమునకు సరితూకముగా చక్కెర నిచ్చిరట! చెరకుగానుగ శ్రమ నెరిగిన మనకు ఆ బేరమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ గానుగలయొద్ద చాకిరి చేసినవారిలో బానిసలు పెక్కురు. వారి పేర్లు ఏ గోడమీదను లేవు.

నిర్మాణము ముగిసిన విందులో "ఎట్లున్నది?" అని సుల్తాను ప్రశ్నింపగా, విదూషకుడు "కూలిన పిదప గొప్ప దిబ్బ యగును" అనెనని ఒక కథ. కథ యెట్లున్నను, జరిగినది మాత్రమదియే. 1672 నుండి 1727 వరకు ఏలిన మౌలాయ్ ఇస్మాయిల్ ఆ పాలరాతిని ఊడబెరికించి మెక్నెసు నగరమునకు తరలించెను. కుమ్మి కట్టిన మట్టిగోడలను ఎవరును కోరలేదు. అవియే నేటికిని నిలిచియున్నవి. వానిపై కొంగలు గూళ్లు కట్టుకొనుచున్నవి.