ఆస్పత్రి బిల్లుకు ఒక దారి, నెలనెలా బిళ్లలకు ఇంకో దారి

(గ్రామ సచివాలయం దగ్గర పెద్దల సమావేశంలో చెప్పిన మాటలు)



ఆరోగ్య బీమా అనగానే మీరు అడిగేవి రెండు ప్రశ్నలు. ఆస్పత్రిలో చేరితే బిల్లు ఎవరు కడతారు? రోజూ మింగే బీపీ, షుగరు బిళ్లలు ఎవరిస్తారు? రెండింటికీ ఒకే కార్డు చాలనుకోవద్దు. దేని దారి దానిదే.

ముందు ఆస్పత్రి సంగతి. 70 ఏళ్లు నిండినవారి కోసం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు వచ్చింది. ఉన్నవారా లేనివారా అని చూడరు. ఆధార్‌లో ఉన్న వయసే లెక్క. కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం. భార్యాభర్తలిద్దరికీ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరూ కలిపి వాడుకోవాలి. మీ కుటుంబానికి ఇప్పటికే ఆయుష్మాన్ కార్డు ఉంటే, ఈ 5 లక్షలు దానికి అదనం, అదీ 70 దాటిన పెద్దలకే. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రీమియం కట్టేది లేదు.

బియ్యం కార్డు ఉన్నవారికి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉండనే ఉంది. ఏ కార్డుతో వెళ్లినా, చేరకముందే ఆస్పత్రిలోని వైద్య మిత్రను కలవండి. "మా జబ్బుకు ఇక్కడ ఈ కార్డు చెల్లుతుందా?" అని అడగండి. చేరాక అడిగితే ఆలస్యమవుతుంది.

ఇక బిళ్లలు. వయ వందన కార్డు ఆస్పత్రిలో చేరినప్పుడే పనిచేస్తుంది. చేరడానికి 3 రోజుల ముందు, ఇంటికొచ్చాక 15 రోజుల వరకు అయ్యే మందులు, పరీక్షలు అందులోకి వస్తాయి. ఆ తర్వాత నెలనెలా వాడే మందులు రావు. అందుకని బిళ్లలు మానేయకండమ్మా. బీపీ బిళ్ల మానేస్తే పక్షవాతం దాకా పోవచ్చు. అప్పుడు ఏ కార్డూ పాత ఆరోగ్యాన్ని తెచ్చివ్వదు.

బీపీ, షుగరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. మీ ఊరి ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను అడగండి. అక్కడ దొరకని మందుకు జన ఔషధి దుకాణం ఉంది. బ్రాండు మందు కంటే చాలా తక్కువ ధరకు వస్తుంది. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ లాంటివి అక్కడా ఉంటాయి. పేరు వేరైనా లోపలి మందు అదే. చీటీ మీద మందు అసలు పేరు రాయమని డాక్టరుగారిని అడగండి.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు, మాజీ సైనికులు ఈ మాట జాగ్రత్తగా వినండి. మీకు సీజీహెచ్ఎస్ గానీ, ఈసీహెచ్ఎస్ గానీ ఉంటే, అదో వయ వందనో ఒకటే ఎంచుకోవాలి. మీ పాత పథకంలో నెలనెలా మందులు కూడా ఇస్తున్నారు కదా! ఆస్పత్రి ఖర్చొక్కటే చూసి మారితే ఆ మందులు పోతాయి. ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోండి. ప్రైవేటు బీమా, ఈఎస్ఐ ఉన్నవారికి ఈ చిక్కు లేదు. అది ఉంచుకునే ఈ కార్డూ తీసుకోవచ్చు.

70 నిండనివారు సొంతంగా పాలసీ కొనుక్కోవాలంటే, 65 దాటితే ఇవ్వరన్న పాత నిబంధన 2024 ఏప్రిల్ నుంచి లేదు. కాకపోతే పాత జబ్బులకు 3 ఏళ్ల వరకు ఆగమనే పాలసీలు ఉంటాయి. సంతకం పెట్టేముందు ఆ గడువెంతో అడగండి.

కార్డుకు ఆధార్, దానికి లింకైన ఫోను తెచ్చుకోండి. ఆధార్‌లో వయసు తప్పుంటే ముందు అది సరిచేయించండి. ఫోను చేసి ఓటీపీ అడిగేవాళ్లకు చెప్పకండి. సందేహముంటే 14555కు ఫోను చేయండి.

ఇంట్లో చదవలేని పెద్దలుంటే ఇది చదివి వినిపించండి. సెలవు.