కంప్యూటరు మొరాయించినపుడు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో నేడు కంప్యూటరు లేని షెడ్డు అరుదు. వేబ్రిడ్జివద్ద లారీ తూకమును నమోదు చేయునది అదియే, జి.యస్.టి. బిల్లు వ్రాయునది అదియే. హైదరాబాదులోని ఇ.సి.ఐ.యల్. సంస్థ 1969లో టి.డి.సి.-12ను నిర్మించిన కాలమున కంప్యూటరునకు ప్రత్యేకముగా చల్లని గది నిచ్చెడివారు. ఇపుడది లేతు మెషీను ప్రక్కన, ఇనుప రజనులో కాపురము చేయుచున్నది. జబ్బు చేయుటలో వింత యేమున్నది?

మీట నొక్కినను దీపము వెలుగక, ఫ్యాను తిరుగకున్నచో ముందు ప్లగ్గును, తీగను, ఎక్స్‌టెన్షను బోర్డును మార్చి చూడుడు. అవి బాగుగనే యున్నచో అనుమానింపదగినది విద్యుత్తు నందించు పెట్టె, అనగా ఎస్.ఎం.పి.ఎస్. పెద్ద మోటార్లు నడచు లైనుపై వోల్టేజి పడుచు లేచుచుండుటచే తరచు మొదట దెబ్బతినునది ఇదియే. దీనిని మార్చవచ్చును గాని, విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను లోని కెపాసిటరులో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండవచ్చును.

ఫ్యాను తిరుగుచున్నను తెరపై ఏమియు రాక, బీప్ బీప్ మను ధ్వని వినిపించినచో ర్యామును చూడవలెను. ప్లగ్గు తీసి, పెట్టెయొక్క లోహభాగమును ఒకసారి తాకి, ర్యామును ఊడదీసి, దాని అంచున మెరయు పట్టీలను పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి మరల బిగింపుడు. రసాయనపు ఆవిరులు, తేమ గల చోట ఈ స్పర్శలు త్వరగా చెడును. ఈపాటి చికిత్సతో లేచి కూర్చుండదగిన యంత్రములను పాతసామానుల వారికి తూకమున కమ్మివేయువారు కలరు!

కొంతసేపు పనిచేసి తనంత తాను ఆగిపోవుచున్నచో వేడిని అనుమానింపుడు; ప్రాసెసరుపై ఫ్యానులో దుమ్ము పేరుకొనియుండును. ప్రతి ఉదయము గడియారము పాత తేదీ చూపినచో మదర్‌బోర్డుపై 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయినదన్నమాట.

ఇక హార్డ్ డిస్కు. లోన టక్కు టక్కుమను చప్పుడు వినబడెనా, తక్షణము ఆపివేయుడు. అందు తిరుగు పళ్ళెములపై, వెండ్రుకకంటె ఎన్నోరెట్లు సన్నని యెడముతో, చదువు ముల్లు కదలుచుండును. అది తగిలినచో పళ్ళెము గీరుకొనిపోవును. మరల మరల ఆన్ చేసిన కొలది లెక్కలు చెరిగిపోవును. యంత్రము అంగడిలో దొరకును గాని, మూడేండ్ల జమాఖర్చు దొరకదు. చప్పుడు లేక, నెమ్మదించినంత మాత్రమే యైనచో ఇతర పరీక్షలకు ముందే కాగితములన్నిటిని వేరొక డిస్కునకు ఎక్కించుకొనుడు. మరమ్మతునకు పంపునపుడు “ఫార్మాటు చేయవలదు” అని చీటీ వ్రాసి పెట్టెపై అంటింపుడు.