చచ్చినంక వెతికే కాగితం

ముందుగా మా విలేకరుల తప్పు ఒప్పుకుంటం. రైతు ఉరేసుకుంటే ‘అప్పుల బాధతో’ అని నాలుగు ముక్కలు రాసి పంపినం. ఆ అప్పు ఎందుకైందో రాయలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వచ్చిన జీవో 421 లక్షన్నర పరిహారం అన్నది. 2015లో జీవో 194 దాన్ని 6 లక్షలు చేసింది. మంచిదే. కానీ ఇవి మనిషి పోయినంక వచ్చే పైసలు. వాటికీ కాగితాలు కావాలె. కౌలు రైతు దగ్గర ఏముంటది? కౌలంటే నోటిమాట. పట్టా పట్నంల ఉన్న ఆసామిది. పట్టా లేకుంటే బ్యాంకు అప్పు లేదు. విత్తనాలు, ఎరువులు దుకాణంల ఉద్దెర. పండిన పత్తి అదే సేటుకు, ఆయన చెప్పిన ధరకు. బోరు ఎండితే మళ్లా వడ్డీకే. పంట పోయినా కౌలు మాత్రం ఆగదు.

2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. భూమి పోతదని ఆసాములు జంకిండ్రు. రాష్ట్రం వచ్చినంక 2018లో రైతుబంధు మొదలైంది, ఎకరాకు పంటకు 4 వేలు. అదీ పట్టాదారుకే. రైతుబీమా కూడా అంతే. నీళ్లు, నిధులు, నియామకాలని గొంతు పోయేదాకా అరిచినోళ్లమే. దున్నేటోని పేరు ఏ కాగితం మీదుందని గట్టిగ అడిగినమా?

ఇక్కడున్న ఉద్యోగుల్లో భూమి కౌలుకిచ్చినోళ్లు చేతులెత్తమని అడగం. మాకూ ఉన్నది. ఈ వానాకాలం మేం కౌలు కాగితం రాసిస్తున్నం. మీరూ రాసియ్యండి.